వెనక దీపం

ముందు మైనస్ తీగ విప్పాలి. ఆ సంగతి ప్యో మన్‌బోక్ చేతులకే తెలుసు కాబట్టి అతను దాని గురించి ఆలోచించడం లేదు. బానెట్ కింద తల దూర్చి, పానాతో నట్టు వదులు చేస్తూ, మోకాలి నొప్పి గురించి ఆలోచిస్తున్నాడు. తెల్లవారినప్పటి నుంచీ మబ్బు కమ్మి ఉంది గాని చినుకు పడలేదు. పాకకి మూడు వైపులా రేకులు, నాలుగో వైపు ప్లాస్టిక్ పట్టా. ఆ పట్టా గాలికి కొట్టుకుంటోంది. వాన వచ్చే రోజున ముందు కుడి మోకాలు మూలుగుతుంది, తర్వాత నడుము అందుకుంటుంది.

విప్పుతున్నది పాత బ్యాటరీ కూడా కాదు. మంచు కరిగే రోజుల్లో తనే తెచ్చి బిగించాడు. దానికి ముందుది కోతల వేళ బిగించాడు. రెండూ చచ్చాయి. తాళం తిప్పితే ట్రాక్టరు ‘టక్’మని ఒక్క ముక్క అని ఊరుకుంటోంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, మిలిటరీ బళ్ళ షెడ్డులో నేర్చుకున్న పని. మా మండలంలో అతని చెయ్యి పడని ట్రాక్టరు లేదు. అలాంటివాడు ఒకే పాకలో రెండు బ్యాటరీలు పోగొట్టుకున్నాడు. మూడోది ఇప్పుడు వ్యానులో ఉంది. మొదటి రెండూ ఎందుకు చచ్చాయో తేలకుండా దాన్ని బిగించకూడదని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాడు.

“మొదటిది పెట్టినప్పుడు ఐదేళ్ళు ఢోకా లేదన్నావు మేస్త్రీ,” అంది వెనక నుంచి ఓక్‌బున్. “ఆ ఐదేళ్ళు నాకా, దానికా?”

“ఇద్దరికీ వదినా.”

“నాకొద్దులే. నా వాటా కూడా దానికే ఇచ్చెయ్.”

ఆమె పిల్లల బండి తోసుకుంటూ వచ్చింది. ఎవరి మనవలో ఎక్కి దిగిపోయిన పాత బండి అది. మా వైపు నడుము వంగిన ముసలమ్మలకి అదే ఊతకర్ర. పసిబిడ్డ కూర్చునే చోట వేడినీళ్ళ ఫ్లాస్కు, కాగితపు కప్పులు, కాఫీ పొట్లాలు పెట్టుకుంది. డెబ్బై దాటిన ఓక్‌బున్ పూల లాగు, పూల టోపీతో ట్రాక్టరు పక్కన నిలబడితే వెనక చక్రం అంత ఎత్తు కూడా లేదు.

ట్రాక్టరు ఆమె భర్త జేగిల్‌ది. ఆయన లేక రెండేళ్ళు దాటింది. ‘పోయాడు’ అనే మాట ఊరంతా అన్నారు గాని ఆమె నోట ఇంతవరకూ రాలేదు. ‘మీ అన్న లేనప్పటి నుంచి’ అంటుంది, సంతకి వెళ్ళినవాడి గురించి చెబుతున్నట్టు. ఆమెకు తోలడం రాదు. గ్రామపెద్ద కూ వచ్చి ఆమె రెండు మడులూ దున్నిపెట్టి, అదే ట్రాక్టరుతో తన పొలమూ దున్నుకుంటాడు. ఇద్దరికీ కుదిరిన ఏర్పాటే. కానీ ప్రతిసారీ తన బండి తెచ్చి, వైర్లు తగిలించి లేపాల్సి రావడంతో కూకి విసుగొచ్చింది. కాలువ నీళ్ళు ఇవాళో రేపో వదులుతారు. “రేపు పొద్దున వస్తా పిన్నీ. మళ్ళీ ‘టక్’ అందంటే ఆ ఇనుమును తూకానికి వేసేసి, మడులు కౌలుకిచ్చెయ్,” అని చెప్పి వెళ్ళాడు. అంటే సంగతి ఈ పూటే తేలాలి.

మన్‌బోక్ ఫ్లాస్కు అందుకుని వేడినీళ్ళు టెర్మినళ్ళ మీద పోశాడు. తెల్లగా పూసిన ఉప్పు నురగ కక్కుతూ కారిపోయింది.

“కాఫీకని తెస్తే దానికి తాగిస్తున్నావా?”

“నాకంటే దానికే నీరసంగా ఉంది.”

మీటరు పెట్టి చూస్తే బ్యాటరీలో ప్రాణం లేదు. తన వ్యాను నుంచి వైర్లు లాగి, ఇంజను లేపి చూశాడు. డైనమో కరెంటు బాగానే నింపుతోంది. నింపడంలో లోపం లేదంటే ట్రాక్టరు ఊరికే నిలబడి ఉన్నప్పుడు ఎక్కడో కారిపోతోందన్న మాట. కిందటి రెండుసార్లూ ఇక్కడిదాకానే వచ్చాడు. కొత్త బ్యాటరీ దించి పక్కన చెక్క మీద పెట్టాడు. ప్లస్ తీగ తగిలించి, మైనస్‌కీ తీగకీ మధ్య వేలెడంత బల్బు కట్టాడు. అన్నీ ఆపి ఉన్నప్పుడు ఆ బల్బు వెలగకూడదు. వెలిగితే ఎవడో దొంగచాటుగా కరెంటు తాగుతున్నట్టు. బల్బు వెలగలేదు. కిందటి రెండుసార్లూ వెలగలేదు.

కళ్ళద్దాలు తుడుచుకుని తీగలన్నీ కంటితో వెతికాడు. బ్యాటరీ పెట్టెకీ ఇంజనుకీ మధ్య ఇరుకులో తెల్లదారం చుట్టిన ఎండు చేప నిలబెట్టి ఉంది. కొత్త బండి ఇంటికొచ్చిన రోజున దాని ముందు మోకరిల్లి, చక్రాలకి బియ్యపు కల్లు పోసి, ఇలాంటి చేపను కడతారు. చేప కన్ను మూయదు కాబట్టి రాత్రంతా కాపలా కాస్తుందని నమ్మకం. ఏడాది మొదటి పున్నమికి పాతది తీసి కొత్తది పెడతారు. ఎవరి చేపను వాళ్ళే ముట్టుకోవాలి. పరాయివాడు కదిపితే ఆ ఇంటికి కీడని మన్‌బోక్‌కి చిన్నప్పటి నుంచీ తెలుసు. అందుకే ప్రతిసారీ దాని పక్క నుంచి చేతులు వంకరగా పోనిచ్చి పని చేశాడు. ఈసారీ అంతే.

మధ్యాహ్నానికి కూడా ఏమీ తేలలేదు. ఓక్‌బున్ అరుగు మీద చిన్న బల్ల వేసింది. సోయాముద్ద పులుసు, కిమ్చి పచ్చడి, కొండ ఆకుకూర, గిన్నె నిండా అన్నం. మన్‌బోక్ అరుగు అంచున, బూట్లు విప్పే పని లేకుండా, ఒక పక్కకి తిరిగి కూర్చున్నాడు. నలభై ఏళ్ళుగా ఊరూరా అరుగుల అంచునే కూర్చుని తిన్నాడు. లోపలికి రమ్మంటే ఒళ్ళంతా గ్రీజని చెబుతాడు. అది నిజమే గాని, లోపల కూర్చుంటే లేవబుద్ధి కాదన్న భయం కూడా ఉంది.

“ఇంటికెళ్ళేసరికి చీకటి పడుతుందా?” అడిగింది.

“రోజూ పడుతుంది.”

“దీపం ఎవరు వేస్తారు?”

“ఎవరున్నారు వదినా. అమ్మ ఉన్నన్నాళ్ళూ వేసేది. ఇప్పుడు గోడ తడుముకుంటాను.”

“పెళ్ళి చేసుకోవాల్సింది.”

“ఒకసారి కుదరబోయింది. బస్టాండు దగ్గర టీ దుకాణంలో చూపించారు. ఆ పిల్ల కప్పు పట్టుకున్న నా గోళ్ళ వంక చూసింది.”

“చేతులు కడుక్కుని చావలేదా?”

“మూడుసార్లు కడిగాను.”

ఓక్‌బున్ నవ్వింది. తర్వాత ఎందుకు నవ్వానా అన్నట్టు అతని గిన్నెలో ఇంకో గరిటె అన్నం వేసింది. మన్‌బోక్ తన గోళ్ళు చూసుకున్నాడు. ఆ నలుపు ఇప్పుడు చర్మం రంగే అయిపోయింది. ఆ పిల్ల పట్నంలో ఏదో బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళిందని తర్వాత విన్నాడు. మా ఊళ్ళ ఆడపిల్లలందరూ ఆ రోజుల్లో అటే వెళ్ళారు. ఇక్కడ మిగిలిన మగవాళ్ళు ఇంజన్లతో మాట్లాడటం నేర్చుకున్నారు.

తింటుండగానే వాన మొదలైంది. పాక చూరు నుంచి నీళ్ళు కారి పట్టా మీద, పట్టా చిరుగులోంచి ట్రాక్టరు ముక్కు మీద పడుతున్నాయి. మన్‌బోక్‌కి మళ్ళీ బానెట్ కింద దూరడానికి ఒళ్ళు రాలేదు. కొత్తది బిగించేసి, డబ్బా మూసేసి, దేవుడి దయ అని వెళ్ళిపోవచ్చు. రేపు పొద్దున కూ వచ్చేదాకా ఎలాగూ అది బతికే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడో చస్తే అప్పుడు చూసుకోవచ్చు. చెప్పుకోవడానికి సిగ్గు గాని, ఆ ఆలోచన అతనికి హాయిగానే అనిపించింది. లేచి పాకలోకి వెళ్ళాడు.

బల్బు వెలుగుతోంది.

సన్నగా, ఎర్రగా, నిద్ర చాలని కన్నులా వెలుగుతోంది. అతను తాళం చూశాడు. తీసే ఉంది. స్విచ్‌లన్నీ ఆపే ఉన్నాయి. ట్రాక్టరు చుట్టూ తిరిగి వెనక్కి వెళితే, నాగలి మీద వెలుతురు పడటానికి వేసుకునే వెనక దీపం కూడా గుడ్డిగా వెలుగుతోంది.

“వదినా, ఇలా రా! దొంగ దొరికాడు!” అని కేకేశాడు. ఆ కేకలో ఉన్న సంతోషం అతనికే వింతగా వినిపించింది.

ఓక్‌బున్ బండి లేకుండానే గబగబా వచ్చింది. వెనక దీపం చూసి ఆగిపోయింది. ఆశ్చర్యపోలేదు. తెలిసిన మనిషి గుమ్మంలో కనబడితే చూసినట్టు చూసింది. మన్‌బోక్ ఫ్యూజుల పెట్టె తెరిచి, ఒక్కొక్కటే పీకడం మొదలుపెట్టాడు. వెనక దీపం ఫ్యూజు మీద వేళ్ళు వేసేసరికి ఆమె అంది:

“అది తియ్యకు.”

“దాంట్లోనే వదినా లోపం.”

“తెలుసు. తియ్యకు.”

అతను చెయ్యి ఆపి తిరిగి చూశాడు. ఓక్‌బున్ పట్టా అంచు పట్టుకుని నిలబడి ఉంది.

“ఆ దీపం నేను చాలాసార్లు చూశాను,” అంది. “వంటింట్లోంచి కనబడుతుంది. వాన రోజుల్లో వస్తుంది. మీ అన్నకి అదే అలవాటు కదా, చీకటి పడ్డాక పని ముగించి, వెనక దీపం ఆర్పడం మర్చిపోయి వచ్చి అన్నానికి కూర్చునేవాడు. నేను అక్కడి నుంచే అరిచేదాన్ని, ‘ఓ మహానుభావా, బ్యాటరీ దిగిపోతుంది, వెళ్ళి ఆర్పిరా’ అని. నలభై ఏళ్ళు అరిచాను. ఇప్పుడు అరవడం లేదు. ఉండనీ, ఎప్పటిదాకా పని చేస్తాడో చెయ్యనీ అని ఊరుకుంటున్నాను.”

“ఇది నాతో ఒక్కసారీ చెప్పలేదు.”

“చెబితే బాగుచేస్తావుగా!”

మన్‌బోక్‌కి కోపం రావాలి. రెండు బ్యాటరీలు, రెండు ప్రయాణాలు, మండలమంతా ‘ప్యో చెయ్యి పడిపోయింది’ అన్న గుసగుసలు. కోపం వచ్చింది కూడా. కానీ అది ఎక్కువసేపు నిలబడలేదు. ఈ ఇంటి మనిషి కోసం చీకట్లో ఒక దీపం ఎదురుచూస్తోంది, అదే లోపం, దాన్ని తీసెయ్యడం తన పని. తన ఇంట్లో అలాంటి లోపం ఒక్కటి ఉంటే తనూ ఎవరికీ చెప్పేవాడు కాదనుకున్నాడు.

“రేపు కూ వస్తాడు,” అన్నాడు. “ఇది ఇలాగే ఉంటే మూడోదీ చస్తుంది. అప్పుడు ట్రాక్టరే పోతుంది. మడులు పోతాయి. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు.”

వాన రేకుల మీద దబదబా కురుస్తోంది. ఓక్‌బున్ ట్రాక్టరు చక్రం మీద చెయ్యి వేసి, మట్టి పెళ్ళ ఒకటి గోటితో ఊడదీసి కింద పడేసింది. ఆ ఇంటికి కాపురానికొచ్చిన ఏడాది నుంచీ ఆ మడుల్లో నానిన చేతులు ఆమెవి. వాటిని కౌలుకిచ్చేసి, కిటికీలోంచి పరాయివాడు నాటుతుంటే చూస్తూ కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

“ఎందుకు వెలుగుతోందో ముందు అది చెప్పు,” అంది చివరికి.

తీగలు ఫ్యూజుల పెట్టె నుంచి బ్యాటరీ వెనక్కి, ఆ చేప వెనక్కి వెళ్ళాయి. మన్‌బోక్ చెయ్యి అక్కడ ఆగింది.

“చేప కదపాలి వదినా. నేను ముట్టుకోను, నువ్వు తీసివ్వు.”

ఆమె మునివేళ్ళ మీద లేచి, చేపను రెండు చేతులతో బయటికి తీసింది. ముందు వైపు నిండుగా ఉన్న చేపకి వెనక వైపు లేదు. తోలు, ముల్లు మాత్రమే మిగిలాయి. అది ఉన్న చోట గడ్డి, దారప్పోగులు, చేప పొట్టుతో కట్టుకున్న ఎలుక గూడు ఉంది. గూడు వానకి తడిసి ఉబ్బింది. దాని కింద రెండు తీగల మీద తొడుగు కొరికేసి, రాగి బయటపడి ఉంది. మన్‌బోక్ గూడుని వేలితో నొక్కాడు. వెనక దీపం కాస్త పెరిగింది. వేలు తీస్తే తగ్గింది. చెమ్మ రోజున గూడు ఉబ్బి రెండు తీగల్నీ కలుపుతుంది, ఎండ రోజున ఆరి వదిలేస్తుంది. కిందటి రెండుసార్లూ అతను ఎండలో వచ్చాడు.

“ఎలుకలు,” అన్నాడు. అంతకంటే మెత్తగా చెప్పడం అతనికి చేతకాలేదు.

“ఎలుకలు,” అంది ఆమె కూడా. చేతిలో చేపను తిప్పి చూసుకుంది. “మీ అన్న దీన్ని పైన, డ్రైవరు తల మీది కప్పు కింద కొక్కేనికి కట్టేవాడు. నాకు అందదు కదా. ఇక్కడైతే తడవదని నేనే పెట్టాను. ఈ వాసనకే వచ్చాయి కదూ?”

మన్‌బోక్ పానా తుడుచుకుంటూ తల వంచుకున్నాడు.

“బాగుంది. మీ అన్నకని ఎలుకల్ని మేపాను.”

నవ్వబోయి నవ్వలేకపోయింది. పిల్లల బండి లేదు కాబట్టి ట్రాక్టరు మెట్టు మీదే కూలబడింది. మన్‌బోక్‌కి ఏం చెయ్యాలో తెలియలేదు. చేతనైంది బాగుచెయ్యడం ఒక్కటే కాబట్టి, చెయ్యనా అన్నట్టు ఆమె ముఖం వంక చూశాడు. ఆమె చెయ్యమన్నట్టు తలాడించింది.

ఫ్యూజు తీశాడు. వెనక దీపం ఆరిపోయింది. గూడు పెరికి బయట వానలో పడేశాడు. కొరికిన తీగల్ని కత్తిరించి, కొత్త ముక్కలు అతికి, ఒక్కోదానికీ విడివిడిగా నల్ల టేపు చుట్టాడు. చచ్చిన బ్యాటరీ ఎత్తుతుంటే నడుము కలుక్కుమంది. కొత్తది దింపి, ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి, పైన గ్రీజు రాశాడు. ఫ్యూజు మళ్ళీ పెట్టి, బల్బు కట్టి చూశాడు. వెలగలేదు. పడేసిన గూడులోంచి తడి గడ్డి తెచ్చి తీగల మీద నొక్కి కూడా చూశాడు. అప్పుడూ వెలగలేదు.

“వేస్తే వెలుగుతుంది వదినా, స్విచ్ ఇక్కడే ఉంది,” అన్నాడు. “కావాలంటే కాసేపు వేసుకుని ఆర్పెయ్. కాసేపటికి ఏం కాదు.”

“నేను వేసుకునే దీపం నాకెందుకు మేస్త్రీ?” అంది. మెట్టు మీంచి లేచింది. “ఆయన పోయాడు. పోయి రెండేళ్ళయింది.”

ఎవరో అడిగితే చెప్పినట్టు మామూలుగా అంది. మన్‌బోక్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. తాళం ఆమె చేతికిచ్చాడు. ఓక్‌బున్ జన్మలో మొదటిసారి ఆ సీటు మీద కూర్చుని తాళం తిప్పింది. ట్రాక్టరు ‘టక్’ అనలేదు. ఒక్క ఊపులో లేచి, పాకంతా పొగ నింపి, గుడగుడమంటూ నిలబడింది. ఆమె స్టీరింగు పట్టుకుని ఏడ్చింది. ఆ చప్పుడులో ఏడుపు వినబడదని కాబోలు, గొంతెత్తే ఏడ్చింది. మన్‌బోక్ వెళ్ళి పానాలు ఏరుకున్నాడు.

ఇంజను ఆపాక ఆమె ఇంట్లోంచి కొత్త ఎండు చేప తెచ్చింది, పులుసుకని దాచుకున్నదే. తెల్లదారం తనే చుట్టింది. “నువ్వే కట్టు,” అని అతని చేతికిచ్చింది. పరాయివాడు ముట్టుకోకూడదు కదా అన్నట్టు చూశాడు. “నలభై ఏళ్ళుగా ఈ అరుగు మీద తిన్నావు. ఇంకా పరాయివాడివేంటి,” అంది కసురుకుంటూ.

మన్‌బోక్ మెట్టెక్కి, డ్రైవరు కప్పు కింద జేగిల్ వాడిన కొక్కేనికి చేపను కట్టాడు. దారం జారుతుందేమోనని పైన నల్ల టేపు ముక్క చుట్టాడు.

“ఎలుకకి అందదు. నీకూ అందదు,” అన్నాడు. “పున్నమికి నేనొచ్చి మారుస్తాలే.”

“వస్తావా?”

“రాకపోతే ఎక్కడికి పోతాను?”

వ్యానులో చచ్చిన బ్యాటరీ వేసుకుని వెళ్ళిపోయాడు. వంతెన దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. ఇంటి ముందు వ్యాను ఆపి, కాసేపు సీట్లోనే కూర్చున్నాడు. ఒక పని తేలిందన్న తృప్తి ఉంది గాని, దాన్ని మించిన అలసట ఉంది. తర్వాత దిగి, గోడ తడుముకుంటూ లోపలికి వెళ్ళాడు.

మర్నాడు కూ వచ్చి దున్నాడు. ఆ ఏడు ఓక్‌బున్ మడులు రెండూ పండాయి. ట్రాక్టరు మళ్ళీ మొరాయించలేదు కాబట్టి ప్యో మేస్త్రీకి మళ్ళీ ఓక్‌బున్ ఊరు పామ్‌గోల్‌కి రావాల్సిన పని పడలేదు. దారిలో ఎదురైతే వ్యాను కిటికీ దించి, “నడుస్తోందా వదినా?” అని అడిగేవాడు. నడుస్తోందని ఆమె చెయ్యి ఊపేది.

చలికాలం చివర్లో ఒక పొద్దున ఊరి లౌడుస్పీకరులో కూ గొంతు వినిపించింది. మంచు వల్ల బస్సు రాదని చెప్పి, ప్యో మేస్త్రీ పోయాడని చెప్పి, కూరగాయల బండి ఎప్పుడొస్తుందో చెప్పాడు. ఎవరికో బ్యాటరీ తీసుకెళుతూ వ్యానుని రోడ్డు పక్కకి ఆపి, ఇంజను ఆపేసి, సీటు వాల్చుకుని పడుకున్నాడట. నిద్రపోతున్నాడనుకుని చాలామంది పక్క నుంచే వెళ్ళిపోయారట.

ఏడాది మొదటి పున్నమి రోజున ఓక్‌బున్ పండక్కి ఐదు రకాల గింజలు కలిపి అన్నం వండింది. పొద్దు వాలుతుండగా కొత్త చేపకి తెల్లదారం చుట్టి, పిల్లల బండిలో పెట్టుకుని పాకలోకి వెళ్ళింది. తల ఎత్తి చూసింది. కొక్కెం ఎక్కడో పైన ఉంది. కూని పిలిస్తే వచ్చి మార్చేవాడే. పిలవాలనిపించలేదు. వస్తానన్న మనిషి ఒకడుండగా ఇంకొకర్ని ఎలా పిలుస్తామనిపించింది.

మెట్టు మీద ఒక కాలు వేసి, చక్రం పట్టుకుని, ఆయాసపడుతూ పైకెక్కింది. వేసుకునే దీపం తనకెందుకని అన్నది తనే. వెనక దీపం స్విచ్ వేసింది. పాక గోడ మీద, మంచు మీద, దారి మీద వెలుతురు పడింది.

“గోడ తడుముకోకు మేస్త్రీ,” అంది. “దీపం ఉంది.”

ఆర్పకుండా ఇంట్లోకి వెళ్ళిపోయింది. రేపటికి బ్యాటరీ దిగిపోతుందని ఆమెకు తెలుసు, బాగుచెయ్యడానికి పిలుద్దామంటే మేస్త్రీ లేడనీ తెలుసు. కొత్త చేప పిల్లల బండిలోనే ఉండిపోయింది. పైన కొక్కేనికి పాత చేప, తెల్లదారం మీద చుట్టిన నల్ల టేపు ముక్కతో, అలాగే వేలాడుతోంది.